ఎకరం అమ్మాలా, ఉచిత లాయరును అడగాలా?

"అక్కా, మాది దేవరకొండ అవతల చిన్న ఊరు. గట్టు కాడ మా తమ్మునికి, పక్క భూమోళ్లకు లొల్లయింది. ఆళ్ల మనిషికి తల పగిలింది. మా తమ్ముని చెయ్యి గూడ దెబ్బ తిని వాచింది. గని పోలీసోళ్లు మా కంప్లెయింట్ తీసుకోలె. హత్యాయత్నం కేసు పెట్టిన్రు. పదకొండు రోజులాయె, నల్లగొండ జైల్లున్నడు. ఒక లాయరు కేసు మొత్తానికి రెండు లక్షలు అడిగిండు. లక్ష ముందుగాల కట్టాలె, పదిరోజుల్ల బెయిల్ గ్యారంటీ అన్నడు. మాకున్నదే రెండెకరాలు. ఒక ఎకరం అమ్ముదామంటున్నది మా అమ్మ. కోర్టుల ఫ్రీ లాయరునిస్తరని ఒకాయన చెప్పిండు. ఊర్ల పెద్దమనుషులేమో సర్కారు వకీలు సర్కారు దిక్కే మాట్లాడ్తడు, నీ తమ్మున్ని ముంచుతడు అంటున్నరు. ఏం జెయ్యాలె?"

చెల్లె,

ముందు ఎకరం సంగతి. ఈ వారం అమ్మకండి. కొనేవాడు ఎవరైనా మీ అవసరం చూసే ధర కడతాడు, పైగా ఆ లక్ష ఇచ్చాక ఏం చేతికొస్తుందో మీకు ఇంకా తెలియదు. రేపు పొద్దున్నే నల్లగొండ జిల్లా కోర్టుకు పోయి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో తమ్ముడి కోసం ఉచిత లాయరు కావాలని దరఖాస్తు ఇవ్వు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు. బెయిల్ పని ఆ లాయరుతోనే మొదలుపెట్టండి. ప్రైవేటు లాయరు అవసరమా కాదా అన్నది చార్జిషీట్, అంటే దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే నేరారోపణ కాగితం, చేతికొచ్చాక నిదానంగా తేల్చుకోవచ్చు.

ఇక మీ ఊరి పెద్దమనుషుల మాట. వాళ్లు కావాలని తప్పుదారి పట్టిస్తున్నారని నేను అనుకోను. తప్పంతా ఆ "సర్కారు వకీలు" అనే మాటలోనే ఉంది. మనవాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులను ఆ ఒక్క పేరుతోనే పిలుస్తారు. ఒకరు పి.పి., అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున నడిపేది ఆయన. నీ తమ్ముడికి బెయిల్ ఇవ్వొద్దని లేచి వాదించేదీ ఆయనే. రెండో మనిషి న్యాయ సేవాధికార సంస్థ ముద్దాయికి ఇచ్చే లాయరు. ఈయనకు పి.పి. ఆఫీసుతో సంబంధం లేదు, పోలీసులతో అసలే లేదు. ఆ సంస్థకు జిల్లాలో అధ్యక్షులు జిల్లా జడ్జి, కార్యదర్శి కూడా ఒక జడ్జే. జీతం సర్కారు సొమ్మే కదా అంటారు. నిజమే. పెద్దాసుపత్రిలో డాక్టరుకు కూడా జీతం సర్కారే ఇస్తుంది, అయినా ఆయన చూసేది ముందున్న రోగినే. ఉచిత లాయరుకు నీ తమ్ముడు చెప్పిన మాటలు ఎక్కడా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ చెబుతుంది. ఫీజు తీసుకున్న లాయరుకు ఆ కట్టడి ఎంతో, ఈయనకూ అంతే. ఈ సంగతి తమ్ముడికి ములాఖత్‌లో తప్పకుండా చెప్పు. పోలీసుల మనిషేమోనన్న భయంతో తన లాయరుకే సగం దాచిన ముద్దాయిలను నేను చాలామందిని చూశాను. వాళ్లు దాచిన ఆ సగమే ఒక్కోసారి కేసును గెలిపించేదిగా ఉండేది.

మీ అమ్మకు ఇంకో బాధ ఉండొచ్చు, ఉచితమంటే ఎవరో వేసే భిక్ష అని. కాదని చెప్పు. 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేరింది, డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని. 1979లో బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీల గురించి హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు, పేద ముద్దాయికి లాయరును ఇవ్వడం రాజ్యాంగం ఇచ్చిన హక్కులో భాగమేనని చెప్పింది. 1986లో సుఖ్ దాస్ కేసులో ఇంకో అడుగు వేసింది: ముద్దాయి అడగలేదని లాయరును ఇవ్వకుండా శిక్ష వేస్తే ఆ శిక్ష చెల్లదని కొట్టేసింది. న్యాయ సేవాధికార సంస్థలు నడిచే చట్టం 1987 నాటిది, అమలైంది 1995 నవంబరు 9 నుంచి. మీ అమ్మ చేయి చాచడం లేదు, తనకు రావాల్సింది తీసుకుంటున్నది.

రెండెకరాలున్నాయి కాబట్టి మీకు ఇవ్వరేమోనన్న అనుమానం పెట్టుకోకు. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత లాయరు వస్తారు, ఆదాయం చూడరు. ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఎప్పుడైనా వస్తారు. మీరు ఏ కులమో నువ్వు రాయలేదు, అందుకే ఒక మెలిక చెప్తున్నాను. తమ్ముడు బెయిల్ మీద బయటికొచ్చాక "కస్టడీ" అన్న కారణం పోతుంది. పై వర్గాల్లో లేకపోతే అప్పుడు ఆదాయ పరిమితి చూస్తారు. అనుమానించే కారణం లేకపోతే ఆదాయం గురించి అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. బయటికి రాగానే ఆ కాగితం ఇచ్చి పెట్టుకుంటే మధ్యలో లాయరు లేని పేషీ రాదు.

ఆ ఉచిత లాయరు ఎట్లాంటివాడో కూడా నిజం చెప్పాలి. ఒకప్పుడు ఈ పని ప్యానెల్ లాయర్ల మీదే నడిచేది. సొంత కేసులు చూసుకుంటూ, కేసుకింతని వచ్చే చిన్న మొత్తానికి ఇవీ చేసేవాళ్లు. నేనూ ఆ ప్యానెల్‌లో పనిచేశాను. ఫీజిచ్చిన కక్షిదారు వరండాలో నిలబడి ఉంటే లీగల్ ఎయిడ్ ఫైలు కిందికి పోయేది. ఆ ఫైళ్లలోని మనుషుల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి నాకు. ఊళ్లలో ఫ్రీ లాయరు మీద ఉన్న చెడ్డపేరు ఆ రోజుల్లో వచ్చిందే, ఊరికే రాలేదు. అందుకే 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పద్ధతి మార్చింది. క్రిమినల్ కేసుల కోసం జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులు పెట్టింది. అందులోని లాయర్లకు నెల జీతం, బయటి కేసులు పట్టకూడదు. చీఫ్‌కు కనీసం పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు, సెషన్స్ కోర్టులో, అంటే పెద్ద నేరాలను విచారించే జిల్లా స్థాయి కోర్టులో, 30 కేసులు నడిపిన అనుభవం ఉండాలి. డిప్యూటీకి ఏడేళ్లు, 20 కేసులు. అసిస్టెంట్లు మాత్రం కొత్తవాళ్లు, మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లు. రిమాండ్ దగ్గర నుంచి బెయిల్, విచారణ, అప్పీలు దాకా వాళ్లే చూస్తారు.

లోటు లేదని అనను. ఫలానా లాయరే కావాలని నువ్వు ఎంచుకోలేవు. వాళ్ల మీద కేసుల బరువు ఉంటుంది. హత్యాయత్నం కేసును నిన్నగాక మొన్న కోటు వేసుకున్న అసిస్టెంటు ఒక్కడే మోయకూడదు. దరఖాస్తు ఇచ్చే రోజే "ఇది సెషన్స్ కేసు, చీఫ్ గానీ డిప్యూటీ గానీ చూడాలి" అని అడుగు. అడగడం తప్పు కాదు. వాళ్లు పట్టించుకోకపోతే, పేషీకి రాకపోతే, నోరు తెరిచి ఒక్క రూపాయి అడిగినా, నేరుగా సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వు. 15100 నంబరుకు ఫోన్ చేసినా వింటారు.

ఇప్పుడు ఆ రెండు లక్షల లాయరు గారి మాట. ఆయన ఎవరో నాకు తెలియదు, మంచి లాయరే కావచ్చు. కానీ "పదిరోజుల్లో బెయిల్ గ్యారంటీ" అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. బెయిల్ ఇచ్చేది జడ్జి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నే బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు, ఇక గ్యారంటీ ఎక్కడిది? హత్యాయత్నం అంటే భారతీయ న్యాయ సంహిత 109వ సెక్షన్. గాయమైతే యావజ్జీవం దాకా పడే నేరం. ఇట్లాంటి దాంట్లో మేజిస్ట్రేట్ మామూలుగా బెయిల్ ఇవ్వరు, సెషన్స్ కోర్టులో వేయాలి. అక్కడ పి.పి.కి నోటీసు పోతుంది, పోలీసులు తమ మాట చెబుతారు, గాయపడ్డ మనిషి ఆసుపత్రిలో ఎట్లా ఉన్నాడో జడ్జి అడుగుతారు. ఆ మనిషి ఇంటికి చేరాడా లేదా అన్న ఒక్క సంగతి మీదే బెయిల్ నిలబడిన రోజులున్నాయి. దాన్ని ఏ లాయరూ ముందే రాసివ్వలేడు. సెషన్స్‌లో రాకపోతే హైకోర్టుకు పోవచ్చు. అక్కడ కూడా ఉచిత లాయరును ఇచ్చే కమిటీ ఉంది.

ఇంకొకటి. పోలీస్ స్టేషన్ బయట, జైలు గేటు దగ్గర "మా సారు దగ్గరికి పోదాం పా" అని వెంటబడే మనుషులుంటారు. వాళ్లకు ఒక్క పైసా ఇవ్వకండి. ఆ పైరవీకారుడి వాటా మీ ఫీజులో నుంచే పోతుంది.

ఎవరిని పెట్టుకోవాలో తేల్చే ముందు, మీ కేసులో అసలు పని ఎక్కడుందో తెలుసుకో. గట్టు పంచాయితీ కేసులు నేను చాలా చేశాను. వీటిలో కొట్లాట జరిగిందా లేదా అన్నది పెద్ద తగువు కాదు, ఎక్కువసార్లు జరిగే ఉంటుంది. తగువంతా చంపాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నదాని మీదే. తల మీద దెబ్బ ఒకటా, నాలుగా? గొడ్డలి పదునుతో తగిలిందా, దాని వెనక మొద్దు వైపుతోనా, కట్టెతోనా? ఇంటి నుంచి ఆయుధం పట్టుకుపోయాడా, లేక పొలంలో చేతికి దొరికిన పార ఎత్తాడా? డాక్టరిచ్చే గాయం సర్టిఫికెట్‌లో అది మామూలు గాయమా, తీవ్ర గాయమా? ఆ కాగితంలో ఒక్క మాటతో 109 కాస్తా 118కి దిగొచ్చు, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం. అది మామూలు గాయమైతే శిక్షలో చాలా తేడా ఉంది. తరువాత సాక్షులు. వాళ్లంతా అవతలి ఇంటి అన్నదమ్ములేనా, పక్క చేన్లో ఉన్న బయటివాళ్లు ఎవరైనా ఉన్నారా? పోలీసులకు మొదట చెప్పని మాట కోర్టులో కొత్తగా చెబితే, ఆ తేడాను పట్టుకుని సాక్షిని క్రాస్ చేయాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేయాలి. ఆయుధం స్వాధీనం చేసుకున్న పంచనామాలో సంతకం పెట్టినవాళ్లు నిజంగా అక్కడున్నారా అని తవ్వాలి. భూమి కొలతలు, పాస్‌బుక్, పాత తగాదాలు, అన్నీ ముందర పెట్టుకోవాలి.

ఇదంతా కూర్చుని చదివే పని. లక్ష తీసుకున్నవాడు చదవొచ్చు, చదవకపోవచ్చు. జీతం తీసుకునేవాడూ అంతే. నాకు తెలిసిన ఒక కుటుంబం మూడెకరాలు అమ్మి పేరుమోసిన సీనియర్‌ను పెట్టుకుంది. బెయిల్ రోజు తప్ప ఆయన మళ్లీ కనబడలేదు. ముఖ్యమైన సాక్షి వచ్చిన రోజు జూనియర్ వాయిదా అడిగితే కోర్టు ఇవ్వలేదు, అతను అడిగిన ప్రశ్నలు నాలుగో ఐదో. శిక్ష పడింది. అప్పీలుకు కావాల్సిన కాగితాల కోసం ఆ తల్లి నా దగ్గరికొచ్చింది. ఆ సంచిలో ఆమె అమ్మిన భూమి దస్తావేజు కాపీ కూడా ఉంది. మరో కేసులో డిప్యూటీ కౌన్సెల్ ఒకామె రెండు ఆదివారాలు ఊరికి పోయి గట్టు చూసి, సాక్షి నిలబడ్డానన్న చోటు నుంచి ఆ గట్టే కనబడదని పటం గీసి తెచ్చింది. ఇట్లా ఒక్కో కథ విని ప్రైవేటు మంచిదనో, ఉచితం మంచిదనో తేల్చకు. నీ తమ్ముడి లాయరును మూడు మాటలు అడుగు: చార్జిషీట్ మొత్తం చదివారా? సాక్షులను క్రాస్ చేసేది మీరేనా, వేరెవరినైనా పంపుతారా? తమ్ముణ్ని జైల్లో ఎప్పుడు కలుస్తారు? సూటిగా జవాబిచ్చే మనిషిని పట్టుకో.

ఒక తేదీ కాగితం మీద రాసి గోడకు అంటించుకో. నీ తమ్ముణ్ని మొదట రిమాండ్ చేసిన రోజు అది. 109వ సెక్షన్‌కు ఆ రోజు నుంచి 90 రోజుల్లో పోలీసులు చార్జిషీట్ వేయాలి. వేయకపోతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 187వ సెక్షన్ కింద అడిగితే బెయిల్ ఇవ్వాల్సిందే. కానీ అడగాలి. కోర్టు తనంతట తాను వదలదు. గడువు దాటాక మీరు పిటిషన్ వేయకముందే చార్జిషీట్ వచ్చిపడితే ఆ హక్కు పోతుంది. ఉచిత లాయరైనా, ప్రైవేటు లాయరైనా, 90వ రోజు సాయంత్రం ఫోన్ చేసి గుర్తు చేయాల్సింది నువ్వే.

తమ్ముడి చెయ్యి వాచిందన్నావు. నువ్వు ఒక్క ముక్కలో రాసి వదిలేశావు గానీ, నాకు నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. అవతలివాళ్లూ కొట్టారని అది చెబుతుంది. అరెస్టయిన మనిషిని వెంటనే డాక్టరుకు చూపించాలని, గాయాలుంటే రాయాలని చట్టంలో ఉంది. ఆ రిపోర్టు కాపీ ముద్దాయికి రావాలి. జైల్లో చేర్చుకునేటప్పుడూ ఒంటి మీది గాయాలు రాసుకుంటారు. ఈ రెండు కాగితాలూ లాయరు తెప్పించాలి, లేదంటే రేపు "చెయ్యి వాచింది" అన్న మాట మీ ఇంటివాళ్ల మాటగానే మిగిలిపోతుంది. మీ కంప్లెయింట్ స్టేషన్‌లో తీసుకోలేదు కదా, అదే రాసి రిజిస్టర్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపు, రశీదు దాచు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయొచ్చు. ఒకటి గుర్తుంచుకో: డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు ముద్దాయి తరఫునే పనిచేస్తుంది, ఫిర్యాదు కేసు వాళ్లు చూడరు. దానికి అదే సంస్థ వేరే ప్యానెల్ లాయరును ఇస్తుంది. మహిళవు కాబట్టి నీ పేరుతో అడిగినా నీకు ఆదాయం లెక్క ఉండదు.

బెయిల్ వచ్చిన రోజు అసలు ఇబ్బంది షూరిటీల దగ్గర, అంటే జామీను ఉండేవాళ్ల దగ్గర పడుతుంది. లాయరు ఫీజుకు భూమి అమ్మి, షూరిటీ ఇచ్చేవాళ్లు దొరక్క ఇంకో నెల జైల్లో పెట్టుకున్న ఇండ్లున్నాయి. ఇప్పటి నుంచే ఇద్దరిని మాట్లాడి పెట్టుకో. ఇంటి పన్ను రశీదు గానీ, పట్టాదారు పాస్‌బుక్ గానీ ఉన్నవాళ్లు, కోర్టు పిలిస్తే వచ్చే మాట మీద నిలబడేవాళ్లు. మేనమామ ఒకరు, ఊరి నుంచి ఒకరు ఐతే మేలు. ఆ ఎకరం మీ చేతిలో ఉంటే దాని పాస్‌బుక్ కూడా ఇక్కడ పనికొస్తుంది, అమ్మేస్తే రాదు. బెయిల్ ఆర్డర్ వచ్చి ఏడు రోజులైనా తమ్ముడు బయటికి రాకపోతే జైలు అధికారులు న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని, నెలలోగా షూరిటీ ఇవ్వలేకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టు చూడొచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది.

మరి ప్రైవేటు లాయరు ఎప్పుడు అవసరం? నా అభిప్రాయం ఇది. చార్జిషీట్ వచ్చాక ఆ కాపీ మీకు ఉచితంగా ఇస్తారు. దాన్ని పట్టుకుని ఒకరిద్దరు అనుభవమున్న క్రిమినల్ లాయర్ల దగ్గరికి పోయి, సలహాకు మాత్రం ఫీజిచ్చి అభిప్రాయం అడగండి. డిఫెన్స్ కౌన్సెల్ బాగా చదువుతున్నారనిపిస్తే అక్కడే ఉండండి. పేషీకో మనిషి మారుతుంటే, ఫైలు తెరిచినట్టే లేకపోతే, అప్పుడు మార్చండి. పాత లాయరు నుంచి అభ్యంతరం లేదన్న సంతకం తీసుకుని కొత్తవారికి వకాలత్, అంటే కేసు నడిపే అధికార పత్రం, ఇస్తే చాలు. మారినందుకు కేసు చెడిపోదు. కానీ సాక్షులు మొదలయ్యాక మధ్యలో మార్చడం ప్రమాదం, ముందే మార్చాలి. కేసులో నీ తమ్ముడితో పాటు ఇంకెవరైనా ముద్దాయిలుంటే, "కొట్టింది నేను కాదు, వాడు" అనే పరిస్థితి వస్తే, ఇద్దరికీ ఒకే లాయరు ఉండకూడదు. అది ఉచితమైనా, ఫీజైనా.

ప్రైవేటుకే పోతే ఫీజు అంచెలంచెలుగా మాట్లాడుకో. బెయిల్‌కింత, విచారణకింత, అని. కట్టిన ప్రతిదానికీ రశీదు తీసుకో. వకాలత్‌నామా మీద తప్ప, ఖాళీ తెల్లకాగితం మీద గానీ, ప్రామిసరీ నోటు మీద గానీ సంతకం చేయకండి. బెయిల్ పిటిషన్ వేయగానే దానికి నంబరు వస్తుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ రోజు వాయిదా, ఏం ఆర్డరు అయిందన్నది ఫోన్‌లోనే కనబడుతుంది. మీ ఊళ్లో ఇంటర్ చదివే పిల్లనో పిల్లాడినో అడిగితే చూసిపెడతారు.

ములాఖత్‌కు పోయినప్పుడు ఏడుపు ఆపుకుని తమ్ముణ్ని మూడు సంగతులు అడిగి రాసుకురా: మొదట మేజిస్ట్రేట్ ముందు పెట్టింది ఏ రోజు, అప్పుడు చెయ్యి నొస్తోందని చెప్పాడా, జైల్లో డాక్టరు చూశాడా. ఎఫ్.ఐ.ఆర్. మీది క్రైమ్ నంబరు కూడా ఆ కాగితం మీదే రాయి. న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో ముందుగా అడిగేది ఆ నంబరే.